మట్టి ఇచ్చినాక

రామదాసు సార్ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి యాడికి ఊరి చుట్టుపక్కల గుహలు తవ్విస్తూనే ఉన్నారు. రిటైరైనా మానలేదు. ఆదిమానవుడు చెక్కిన రాళ్ళు సంచులకొద్దీ దొరికాయి. చెక్కినవాడి ఎముక మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఆయన వెంట తిరిగి నా తలా నెరిసింది. యూనివర్సిటీలో మమ్మల్ని చూసి నవ్వడం మానేసి జాలిపడటం మొదలుపెట్టారు. నవ్వే నయం.

అలాంటప్పుడు అబ్దుల్ గఫూర్ ఫోన్‌లో ఫొటో పంపాడు. సున్నపు బట్టీకి రాయి కొట్టే మనిషి. ఫొటోలో ఉన్నది గుహలో దొరికిన పుర్రె పైచిప్ప. కనుబొమల దగ్గర వేలు లావున గట్టు ఉంది. మనకంటే ఎంతో ముందువాడు.

పరుగున పోయాం.

"రాండి సార్, దా భారతమ్మా," అని టీ ఇప్పించాడు గఫూర్. "మీరు అడిగింటిరని ఫొటో తీసినా. ఎముకను తెల్లగుడ్డలో సుట్టి మా ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చినాము."

"పూడ్చేశావా!"

"మనిషి గదా సార్. ఏ మతమోడో ఏమో, ఆడ రాళ్ళల్లో పడుండాడు పాపం."

"నాకది కావాలప్పా."

"మట్టి ఇచ్చినాక తీయకూడదు సార్. మనిషి కాకుంటే అది వేరే మాట."

ఆదిమానవుడూ మనిషేనని ప్రతి సభలోనూ గొంతు చించుకున్నాయన మా సార్. ఇప్పుడేం చెప్పబోతున్నారో నాకు తెలిసిపోయింది. ఒళ్ళు మండిపోయింది.

"మనిషిది కాదప్పా, కోతిది," అన్నారు.

గఫూర్ ముఖం మాడిపోయింది. "కోతికా మేం ఫాతెహా చదివింది? పెద్దలకు చెప్పాల. రేపు రాండి సార్."

ఆ సాయంత్రం తాడిపత్రిలో సార్ దూది, పెట్టె కొన్నారు. పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు. నేను దుకాణంలోకి పోకుండా బయటే నిలబడ్డాను.

మర్నాడు పోయేసరికి గఫూర్ బట్టీ పక్కన చేతులు కడుక్కుంటున్నాడు. సార్ పెట్టె తెరిచి పట్టుకున్నారు.

"ఇంకా యాడుండాది సార్? మావాళ్ళ గోరీల పక్కన కోతిని పెట్టినానని ఊరంతా తిట్టినారు. పొద్దున్నే తీసి బట్టీలో ఏసేసినా."

"నాకోసం ఉంచొద్దా!"

"కొండల్లో కోతులు కావలసినన్ని ఉండాయి గదా. ఇంకోటి తెచ్చిస్తాలే సార్."

బట్టీ సెగ మా ముఖాలకు కొడుతోంది. సార్ అక్కడే కూలబడ్డారు.

"మనిషేనప్పా," అన్నారు. "అది మనిషే."

గఫూర్ చేతిలో చెంబు ఆగిపోయింది. బట్టీ వైపు చూశాడు. సార్ వైపు తిరిగాడు.

"నిన్న కాదంటిరే సార్. మట్టి ఇచ్చినోణ్ణి నా చేతనే కాల్పిస్తిరే."