ట్రంకు పెట్టెలో నిఘంటువు

నేను ఒక రేకు పెట్టెను. తునిలో ఒక రేకుల కొట్టులో సుత్తి దెబ్బలు తిని పుట్టాను. అందరూ నన్ను ట్రంకు పెట్టె అంటారు. ఆ పేరు నాకెందుకొచ్చిందన్న సందేహాన్ని చాలా ఏళ్లు కడుపులో పెట్టుకుని మోశాను.

నా యజమాని జోగారావుగారిదీ అదే సందేహం. ఆయన తపాలా ఆఫీసు గుమాస్తా. పగలంతా ట్రంకు కాల్స్ రాసుకుని, ఇంటికొచ్చి ట్రంకులో చొక్కా పెట్టుకునేవారు. చివరికి వెనకవీధి ఎస్తేరు టీచరుగారిని అడిగి, నాలుగు రోజుల్లో తిరిగి ఇస్తానని, ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. నా మూత మీదే పరిచి, వేలు పెట్టి చదివారు.

ట్రంకు అంటే చెట్టు మానట. కొమ్మలు నరికేయగా మిగిలిన మొద్దు అని లాటిన్‌లో మూలం. మనిషి మొండెమూ అదే, ఏనుగు తొండమూ అదే. ఊరినీ ఊరినీ కలిపే టెలిఫోను లైనూ అదే. పూర్వం మానును తొలిచి పెట్టెలు చేసేవారు గనక నాకూ ఆ పేరు దక్కిందట.

"ఏమేవ్, మన పెట్టె పూర్వజన్మలో చెట్టేనే!" అన్నారాయన.

"అయితే రోజూ నీళ్లు పొయ్యమంటారా?" అన్నారు మాణిక్యాంబగారు వంటింట్లోంచి.

అప్పటినుంచి మూత పడగానే నాకు ఆకులు మొలిచేవి. ఏనుగొకటి వచ్చి తొండంతో నన్ను తడిమేది. ఎక్కడో దూరాన ఎవరో "హలో, హలో" అంటుంటే నా వేళ్లలోంచి వినబడేది. దేవుడు తనకు వేయి పేర్లు ఉంచుకుని, మా ఇందరినీ ఒక్క పేరులో సర్దుకోమన్నాడెందుకో!

ఇంతలో దసరా వచ్చింది. మాణిక్యాంబగారు సరస్వతీ పూజలో ఇంట్లోని పుస్తకాలతో పాటు ఆ నిఘంటువునూ పెట్టేశారు. "బొట్టు పెట్టిన సరస్వతిని గడప దాటిస్తారా?" అని పసుపు గుడ్డ చుట్టి నాలో దాచారు. ఏటా పూజ, ఏటా బొట్టు. ఇరవై రెండు దసరాలు వెళ్లాయి. టీచరుగారు ఎదురైతే జోగారావుగారు పక్క సందులోకి తిరిగేవారు.

మొన్న, టీచరుగారు ఊరు వదిలి కాకినాడలో కూతురి దగ్గరకు వెళ్లిపోతున్నారని తెలిసింది. ఆయనకు అన్నం సహించలేదు.

"ఇవాళ ఇవ్వకపోతే ఇంక ఈ జన్మకి లేదే."

మాణిక్యాంబగారు నా మూత తీసి, ఆ పుస్తకానికి చుట్టిన పసుపు గుడ్డ విప్పారు. "ఉద్వాసన చెప్పేటప్పుడు అమ్మవారిని తన చోటికి వెళ్లమనే కదండీ అంటాం. ఈ తల్లి చోటు ఆవిడ ఇల్లే. మనమే పట్టుకు కూర్చున్నాం" అని కర్పూరం వెలిగించారు. టీచరుగారు పుస్తకాలు సర్దుకోవడానికి పనికొస్తానని నన్నూ పంపేశారు.

టీచరుగారు మూత తీసి, పసుపు మరకల అట్టను నిమిరారు.

"నాలుగు రోజులన్నారు కదండీ?"

"దసరా అడ్డొచ్చిందండీ" అన్నారు జోగారావుగారు తల వంచుకుని.

ఆవిడ పకపకా నవ్వారు. "చదువుకోమనిస్తే దండం పెట్టుకున్నారా! కూర్చోండి, కాఫీ తాగి వెళుదురు గాని."

జోగారావుగారు కూర్చున్నారు. ఆవిడ నిఘంటువును మళ్లీ నాలోనే, తన బైబిలు పక్కన పెట్టారు. ఇరవై రెండేళ్లు మోసిన పుస్తకమే. ఎందుకో, ఈసారి బరువు తెలియలేదు.