మా ఆయన సెంటిమెంట్

పెయింట్‌బాల్ పోటీల్లో ఆటకు ముందు ప్రతి తుపాకీనీ పరీక్షించి సీలు వేసేది నేనే. సెకనుకు పది రంగు గుళ్ళు. అంతకు మించి ఒక్కటి కూడా రాకూడదు. మా ఆయన ఒక జట్టుకు కెప్టెన్. మొగుడి తుపాకీకి పెళ్ళాం సీలేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నా సీలంటే వాళ్ళకి అంత నమ్మకం. నాకున్న ఆస్తి కూడా అదొక్కటే.

ఫైనల్ సగంలో ఉండగా, రిపేరు గదిలో స్క్రూలు సర్దుకుంటున్న నాకు ఆ మోత వినబడింది. పది గుళ్ళ వేగం కుట్టు మిషన్ చప్పుడులా ఉంటుంది. ఇది బర్రున బట్ట చింపినట్టు ఉంది. వెంటనే విజిల్ మోగింది.

పెద్ద రెఫరీ తుపాకీ పట్టుకుని లోపలికి వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను, అది మా ఆయనది. వెనకే ఆయన, అవతలి జట్టు అమ్మాయి. అవుటయ్యానని చెయ్యెత్తాక కూడా గుళ్ళు ఆగలేదట. మెడ మీద ఐసు పెట్టుకుని ఏడుపు దిగమింగుకుంటోంది.

"దీనికి సీలు వేసింది మీరేనా మేడమ్?"

"నేనే సార్. పొద్దున పదే వచ్చింది."

రెఫరీ గుళ్ళ వేగం కొలిచే మీటరు ముందు వల కట్టి కాల్చాడు. పది. మళ్ళీ కాల్చాడు. పదే. నాకు ఊపిరి అందింది గానీ, చెవిలో ఆ బర్రుమన్న మోత మాత్రం పోలేదు.

మా ఆయన నోటికి తాళం ఉండదు. "చూశారా సార్! ఓడిపోయేవాళ్ళకి ఒకటి రెండుగా వినబడుతుంది. మా ఆవిడ చెయ్యి పడ్డాక ఇంక తిరుగేముంది?"

"నేను అబద్ధం చెప్తున్నానా అక్కా?" అంది ఆ అమ్మాయి నన్నే చూస్తూ.

రెఫరీ తుపాకీ తిరిగి ఇచ్చేశాడు. మా ఆయన అందుకున్నాడు. అలవాటుగా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళి, ఆగిపోయింది.

తుపాకీ చేతిలోకి రాగానే ట్రిగ్గర్‌ని మెల్లగా మూడుసార్లు తట్టడం ఆయన సెంటిమెంటు. అదృష్టం అంటాడు. జట్టంతా ఏడిపిస్తుంది. "నన్నైనా ఎప్పుడూ ఇంత ముద్దుగా తట్టి లేపవు కదా" అని నేనూ ఎన్నోసార్లు వెక్కిరించాను. ఈ సీజనులో ఆయన తట్టకుండా తుపాకీ పట్టుకోవడం ఇదే మొదటిసారి.

నోరు మూసుకుంటే సీలు, మొగుడు, ఇల్లు అన్నీ పదిలం. ఆ పిల్ల ఒక్కతే అబద్ధాలకోరవుతుంది.

"ఒకసారి ఇలా ఇవ్వండి" అన్నాను.

"అయిపోయిందిగా, ఇంకా ఎందుకే?" ఆయన నవ్వుతూనే ఉన్నాడు. తుపాకీ మాత్రం వదల్లేదు. లాక్కోవలసి వచ్చింది.

ట్రిగ్గర్ మీద మూడుసార్లు తట్టి నొక్కాను. గది బర్రుమంది. మీటరు మీద పద్దెనిమిది. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డులో ఎవడో దొంగ ప్రోగ్రాం పెట్టాడు. తట్టి లేపితేనే లేస్తుంది, కాల్చడం ఆపిన కాసేపటికి మళ్ళీ పడుకుంటుంది.

రెఫరీ మీటరు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఈ కిటుకు మీకెలా తెలుసు మేడమ్?"

"ఇప్పుడే తెలిసింది సార్."

ఆ మాట నా చెవికే అబద్ధంలా తగిలింది. కట్టుకున్న పెళ్ళాం, రిపేరు చేసే మనిషి, సీలు వేసిన చెయ్యి. ఒక్క ప్రయత్నంతో తెలిసిపోయిందంటే ఎవరు నమ్ముతారు? అక్కా అని పిలిచిన అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది.

"మీ సీళ్ళ డబ్బా ఇలా పెట్టండి" అన్నాడు రెఫరీ.

నేను మా ఆయన వైపు చూశాను. ఆవిడకేం తెలీదు సార్, అంటే చాలు. నిద్రలో కూడా వాగే మనిషి, ఆ ఒక్క ముక్క అనలేడా?

ఆయన వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది ఊడనే లేదు.