దాది రుద్దిన రంగు

ఎర్రుపాలెం నుంచి వచ్చి సారపాకలో ఫొటో స్టూడియో పెట్టినవాణ్ణి. రెండువేల ఆరులో కంప్యూటర్ కొన్నాక, ఫొటో అంతా నలుపు తెలుపు చేసి ఒక్కచోటే రంగు ఉంచే విద్య పట్టుబడింది. ఇక నేను నేలమీద నడిస్తే ఒట్టు. పెళ్లికూతురి పారాణి నుంచి కొత్త బండి ట్యాంకు దాకా దేన్నీ వదల్లేదు.

ఒకరోజు కాగితం మిల్లులో కాంట్రాక్టు పనిచేసే బాలకృష్ణ ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాడు. కొత్త ఇంట్లో ముందుగదికి పెద్ద ఫొటో కావాలట. వాళ్లమ్మ లాలి అద్దాల రవిక, ఎర్ర లంగా, చేతినిండా తెల్లగాజులతో తండాలో ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. ఇంటర్ చదివే మనవరాలు సంగీత మొహం ముడుచుకుంది.

"దాదీ, నువ్వు ఎనక నిలబడు. గా డ్రెస్సు కనపడొద్దు."

ముసలామె వెనక్కి జరిగింది. నాకు ఒళ్లు మండింది. ఆమెను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశాను. పిల్లకి బుద్ధి రావాలని, ఆమె ఒక్కదానికే రంగులుంచి మిగతా అందరినీ నలుపు తెలుపు చేసేశాను.

మర్నాడు నాయనమ్మా మనవరాలూ వచ్చారు. కంప్యూటర్‌లో ఫొటో చూసి సంగీత తల దించుకుంది. నా కడుపు చల్లబడింది. లాలి మాత్రం గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఏంది సారూ గిట్ల చేసినవ్? మా ఇంట్ల గిట్ల నలుపు తెలుపుల ఉన్నది మా ముసలోని ఫొటో ఒక్కటే. దానికి దండేసినం. నా పిల్లలందర్ని చంపి నన్నొక్కదాన్నే బతికించినవా?"

నా విద్యంతా అక్కడే ఆవిరైపోయింది. సిగ్గేసింది.

"రంగు పోలేదమ్మా, కిందే ఉంది. పైన పొర కప్పానంతే. తెరమీదున్న ఈ రబ్బరు గుర్తుతో రుద్దితే బయటికొస్తుంది."

"అవ్‌నా? జరుగు, నేనే రుద్దుత."

మౌసు పట్టుకుంది. గాజులు బల్లకు తగిలి చప్పుడు చేశాయి. కొడుకు దగ్గరకు పోలేదు, కోడలి దగ్గరకూ పోలేదు. తిన్నగా సంగీత దగ్గరకే పోయింది. ముందు బుగ్గలు, తర్వాత పచ్చ చున్నీ. మౌసు గీత దాటి, సంగీత చుట్టూ వెనక పరదా నీలం కూడా కొంత బయటపడింది. సంగీత స్టూలు లాక్కుని, దాది చేతిమీద తన చెయ్యి వేసింది. అమ్మానాన్నలను ఇద్దరూ కలిసి బతికించారు.

"మిగిలిన పరదాకూ వేద్దామా అమ్మా?" అన్నాను.

"దానికేమన్న పానమున్నదా?" అని నవ్వింది లాలి.

ప్రింటు తీసేముందు, సంగీత చుట్టూ అంటిన ఆ నీలం మరకను సరిచేయబోయాను.

"ఉండనియ్ అన్నా," అంది సంగీత. "మా దాది చేసింది."