మూడు చుక్కల నీలం

ఒక చుక్క పడింది. సన్నని గాజు గొట్టంలో, చేపల తొట్టి నుంచి తీసిన కాసిని నీళ్ళలో, పొగలా విచ్చుకుంది.

రెండో చుక్క.

మూడో చుక్క.

ఆమె గొట్టాన్ని వేలితో మూసి, నాలుగుసార్లు ఊపి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

నీలం.

మళ్ళీ నీలమే.

పొద్దున ఇదే గొట్టంలో ఆకుపచ్చ చూసింది — పసుపు వైపు తిరగబోతున్న ఆకుపచ్చ. ఈ మందు చుక్కలు పడ్డాక నీలమంటే నీళ్ళలో పులుపు లేదని. పసుపంటే ఉందని. తొట్టిలోని ఏంజెల్ చేపల జంటకి ఆ కాస్త పులుపే కావాలి. అది లేకపోతే గుడ్లు పెడతాయిగాని పిల్లలు కావు. తెల్లబడి, బూజు పట్టి, రాలిపోతాయి.

రెండుసార్లు రాలిపోయాయి.

ఈ తెల్లవారుజామున వెడల్పాటి ఆకు మీద మళ్ళీ పెట్టింది ఆడచేప. మగది పక్కనే నిలబడి రెక్కలతో విసురుతోంది. ఆడదానికి వయసైపోయిందనీ, ఇదే ఆఖరు కావచ్చనీ చేపలమ్మే ఆయన ముందే చెప్పాడు.

ఆమె పని అద్దకం. ఇరవై ఏళ్ళుగా బట్టలు ముంచి తీస్తోంది. ఎరుపు చూపిస్తే అది తొమ్మిది ఎరుపుల్లో ఏదో చెప్పగలదు. తడిలో రంగు అబద్ధమాడుతుంది, ఆరాకే నిజం చెబుతుంది — అది ఆమెకి కొట్టినపిండి. కాని ఈ గొట్టంలో రంగు ఎప్పుడూ తడే. ఆరేది కాదు.

పొద్దున ఆకుపచ్చ. సాయంత్రం నీలం. ఎందుకు?

ఆ 'ఎందుకు' ఆమెని పట్టుకుంది... అన్నం తింటున్నా వదల్లేదు.

తొలిసారి తప్పు ఆమెదే. అద్దకం తొట్టిలో పులుపు తగ్గితే గరిటెడు వెనిగర్ పోస్తారు, రంగు దారికొస్తుంది. చేపలకీ అంతే కదా అని నిమ్మకాయ పిండేసింది. గంటలో గొట్టం పసుపయింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. మర్నాటికి గుడ్లు పోయాయి, నీళ్ళు తిరిగి నీలమయ్యాయి. మొదటికొచ్చింది.

చేపలమ్మే ఆయన ఆమెని ఉతికి ఆరేశాడు.

"అది బట్ట కాదమ్మా, ప్రాణం. నీళ్ళు మెల్లగా మారాలి. ఎండిన బాదం ఆకులు వేసి ఊరుకో."

వేసింది. కుళాయి నీళ్ళు తగ్గించి వాన నీళ్ళు కలిపింది. రాత్రంతా నానిన ఆకుల నుంచి పలచటి టీ రంగు, దాంతోపాటే పులుపూ దిగుతాయి. పొద్దున్నే చూసుకుని, తృప్తిగా పనికి వెళుతుంది. సాయంత్రం వచ్చేసరికి ఆకులు ఉన్నచోటే ఉంటాయి. రంగు ఉండదు.

ఆకులుండగా రంగెక్కడికి పోయింది?

అడుగున ఉన్న తెల్లరాళ్ళని అనుమానించింది. ఒకటి తీసి వెనిగర్‌లో వేసింది. సున్నపురాయైతే నురగ రావాలి. రాలేదు — రాయి నిర్దోషి. చుక్కల సీసాని అనుమానించింది, కొత్తది కొంది. చివరికి తన కళ్ళనే అనుమానించింది.

మనుషుల్ని మాత్రం అనుమానించలేదు. ఇంట్లో ఉన్నది మేనత్త ఒక్కతే.

మేనత్త పెద్ద లాండ్రీలో ముప్ఫై నాలుగేళ్ళు మరకలు వదిలించిన మనిషి. లాండ్రీ మూతబడ్డాక, రెండు నెలల క్రితం, ఒక్క పెట్టెతో వచ్చింది. "ఇన్నాళ్ళూ చేసింది చాలు, కూర్చో అత్తయ్యా" అంది మేనకోడలు. ఆమె కూర్చుంది.

చేతులు మాత్రం కూర్చోలేదు.

గొట్టం మళ్ళీ నీలమైన మర్నాడు అద్దకం షెడ్డులో బాయిలర్ చెడిపోయింది. మేనకోడలు మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

మేనత్త కొంగు దోపుకుని, మగ్గుతో టీ రంగు నీళ్ళు తోడుతోంది. పక్కన బకెట్ నిండా తేటగా కుళాయి నీళ్ళు. పళ్ళెంలో బాదం ఆకులు — ఒక్కొక్కటీ రెండువైపులా కడిగి, వరసగా పేర్చి ఉన్నాయి. మళ్ళీ తొట్టిలో వేయడానికి.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"వచ్చిన మర్నాటి నుంచీ. నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతావు. అవేమో ఆ మురికిలో... చూస్తూ ఊరుకోలేకపోయానే. గుడ్ల జోలికి మాత్రం వెళ్ళలేదు."

"అది మురికి కాదు. రంగు."

మేనత్త నీళ్ళకేసి చూసింది. జీవితమంతా అలాంటి రంగుని తెల్లబట్టల మీంచి తరిమిన కళ్ళు అవి.

"అయితే పోయినసారి గుడ్లు..."

మగ్గు కింద పెట్టింది.

"దానికి ముందువి నేను పోగొట్టాను అత్తయ్యా. నిమ్మకాయతో."

ఇద్దరూ కలిసి ఆకుల్ని తొట్టిలో వేశారు. మేనకోడలు చుక్కల సీసా మేనత్త చేతికిచ్చింది. మూడే పడాలి, నాలుగోది పడకూడదు అని చెప్పబోయి, ఆగింది. ఏ మరకకి ఎన్ని చుక్కలో లెక్కగా వేసిన చెయ్యి అది. చెప్పక్కర్లేదు.

ఒకటి... రెండు... మూడు. ఒకే కొలత.

కాని అసలు కష్టం రేపటిది. పగలంతా ఆ గోధుమరంగు నీళ్ళకి ఎదురుగా మేనత్త ఒక్కతే కూర్చోవాలి. ఏమీ చేయకుండా. ఉన్న ఒక్క పనీ లాక్కుని, బదులుగా ఇది ఇచ్చినట్టయింది. అది తలుచుకుంటే మేనకోడలికి గుడ్ల మీద కంటే ఎక్కువ బెంగ వేసింది.

మర్నాడు బాయిలర్ బాగయింది; అద్దకంలో ఆమె రెండు బట్టలు పాడుచేసింది.

ఆ తర్వాతి రోజు సాయంత్రం చెప్పులు విప్పి, ముందు బాత్రూంలోకి వెళ్ళింది. మేనత్త తొట్టి నీళ్ళు తోడిన మగ్గు లోపల వేలు పెట్టి చూసింది.

పొడిగా ఉంది.

మేనత్త తొట్టి ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, చిన్నపిల్లలా.

"ఇటు రా. తెల్లబడలేదు. ఒక్కోదాంట్లో నల్లటి నలుసులాంటిది ఉంది. కదిలిందా, నాకే అనిపించిందా?"

మేనకోడలు వంగి చూసింది. మగచేప ఇంకా విసురుతూనే ఉంది. ఆకు కదిలింది. నలుసు కదిలిందో లేదో ఆమెకీ తెలియలేదు.

గొట్టం ముంచి తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. మేనత్త ఒక చెయ్యి తొడ కింద నుంచి తీసి, సీసా అందుకుంది.

ఒక చుక్క పడింది.

పొగలా విచ్చుకుంది... ఇంకా ఏ రంగూ కాలేదు.