ఐదో రేవు

అత్తగారి ఎడమచేయి దారికొస్తే చాలని కోడలు తన వీడియో గేమ్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అంతవరకూ మంచి పనే.

పక్షవాతం పెద్దావిణ్ణి ఒక చిన్న దెబ్బ కొట్టి వదిలేసింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం అలిగిన చుట్టాల్లా ముడుచుకు కూర్చున్నాయి. తాళానికి తగ్గట్టు వేళ్ళు కదిలిస్తుండాలని ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. పెద్దావిడ దాన్ని మంచం కిందకి దొర్లించేసింది.

"హాస్టల్ వంటశాలలో గుండిగలు దింపిన చేతులివి. ఈ వయసులో బంతాట ఆడమంటుందా ఆ పిల్ల?"

అప్పుడు కోడలికి పెళ్ళికి ముందు తన జీతంతో కొనుక్కున్న గేమ్ గుర్తొచ్చింది. రెండు చేతుల మధ్య ఇమిడే తెర, అటూ ఇటూ బటన్లు. అందులో ఒక కథ ఉంది. పాట పోగొట్టుకున్న పిల్ల ఒకతె పడవెక్కి నది వెంట పోతుంటుంది. ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు ఆ పిల్లకి ఒక పాట నేర్పుతారు. దరువు మొదలవగానే తెర మీద చుక్కలు జారుకుంటూ వస్తాయి, చుక్క వలయంలో పడ్డప్పుడు బటన్ నొక్కాలి. తప్పు లేకుండా పాట ముగిస్తే పడవ ముందుకు పోతుంది. పోయిన పడవ వెనక్కి రాదు. తప్పు పడితే మళ్ళీ అదే రేవు, అదే పాట.

అత్తగారికి అది బాగా పట్టింది. "ఈ పిల్లకి తిండెవరు పెడుతున్నారే? పాటలేనా?" అని గొణుగుతూనే నాలుగు రేవులు దాటింది. ఐదో రేవులో ఆగిపోయింది.

ఆగడమంటే అలా ఇలా కాదు. వారాలు గడిచిపోయాయి. అదే పాట, అదే దరువు, సరిగ్గా చివర్లో అదే తప్పు. ఆ రేవులో బుట్టలల్లే ముసలామె ఉంటుంది. పాట తప్పినప్పుడల్లా ఆమె ఏదో అంటుంది, తెర కింద అక్షరాలు పడతాయి. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని తీరిగ్గా చదువుకుంటుంది. మళ్ళీ మొదలు.

కోడలు కుట్టు ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్. ఏ మిషన్ దగ్గర గుడ్డలు పోగుపడుతున్నాయో కనిపెట్టి అక్కడికెళ్ళి నిలబడటం ఆమె ఉద్యోగం. కాలర్లు కుట్టే మనిషి వెనకబడితే పక్కకి జరగమని, తనే కూర్చుని గడగడా కుట్టి చూపించేది. "చూశావా? ఇంతే కదా?" అనేది. ఆ మాటకి అవతలి మొహం ఏమైందో ఎప్పుడూ చూడలేదు. అప్పటికే ఇంకో మిషన్ దగ్గర ఉండేది.

అలా రోజంతా పరిగెత్తి ఇంటికొస్తే, ముందుగదిలో టిక్కు టిక్కు.

"ఇంకా ఆ బుట్టలామె దగ్గరేనా, అత్తయ్యా?"

"ఆవిడ నీ వంటింట్లో కూర్చుందా ఏమిటి, నీకంత ఇరుకుగా ఉంది?"

"వేళ్ళు లొంగుతున్నాయా అని అడిగాను."

"లొంగుతాయిలే. నీకున్న తొందర వాటికి లేదు."

లారీ మీద ఊళ్ళు తిరిగే భర్త ఫోన్ చేసినప్పుడు కోడలు బాల్కనీలోకి పోయి చెప్పింది. "మీ అమ్మ చేయి ఇక అంతే అనుకోండి. చిన్నపిల్లలు దాటేసే చోట చతికిలబడింది." ఫ్యాక్టరీలో డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు చెప్పడమే కాదు, ఆ చేయి బటన్ కోసం ఎలా వెతుక్కుంటుందో చేసి చూపించింది. పొలమారేదాకా నవ్వారు అందరూ.

ఆదివారం సాయంత్రం అత్తగారు స్నానానికి వెళ్ళింది. కోడలు ఆరిన బట్టలు మంచం మీద పడేసి మడతపెడుతోంది. దుప్పటి పక్కన గేమ్ వెలుగుతూ ఉంది. బుట్టలామె చేతిలో ఈనె పట్టుకుని, ఆడేవాళ్ళ కోసం చూస్తున్నట్టు కూర్చుంది. కోడలి వేళ్ళు ఊరుకోలేదు. నిలబడే ఆడేసింది. ఒక్క చుక్క తప్పలేదు. ముసలామె లేచి, చిన్న బుట్టొకటి పడవలో పెట్టి చేయూపింది. పడవ కదిలిపోయింది.

అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చింది.

"చూశారా, అత్తయ్యా? ఇంతే కదా?"

పెద్దావిడ తెర అందుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఆవిడేది?"

"ఎవరు? బుట్టలామా? దాటేశాం కదా, ఇక రాదు. ఇది కొత్త పాట, ఆడండి. నేను పక్కనే ఉండి చెప్తాను."

అత్తగారు మంచం అంచున కూర్చుని ఆడింది. కోడలు చెప్పాల్సిన అవసరం రాలేదు. పాత పాట కన్నా గడుసు దరువు అది. అయినా ఎడమచేతి వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి, పడి, లేచాయి. చివరి చుక్క కూడా వలయంలో పడింది. ఆవిడ గేమ్ ఆపేసి పక్కన పెట్టింది.

"అత్తయ్యా, మీ చేయి..."

"బాగయి చాలా రోజులైంది. పాలగిన్నె ఆ చేత్తోనే దింపుతున్నాను. నువ్వు చూడలేదు."

"మరి ఆ పాటెందుకు..."

"చివరి చుక్క నేనే వదిలేసేదాన్ని." ఆవిడ తడి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఓడితే ఆవిడ కాసేపు కూర్చోమనేది. ఎండ తగ్గనీ, తొందరేముంది అనేది. ఓడినకొద్దీ కొత్త కబురు చెప్పేది. కూతురితో మాటల్లేవట. ఆ పిల్ల మాటలెందుకు మానేసిందో నిన్న చెప్పబోయి ఆపింది, రేపు చెప్తానని. బొమ్మేనే. బొమ్మని నాకు తెలియదనుకున్నావా? అయినా ఈ ఇంట్లో నన్ను కూర్చోబెట్టి మాట్లాడేది అదొక్కటే."

కోడలి చెవులు వేడెక్కాయి. మడతపెడుతున్న చొక్కా ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మొదటినుంచి ఆడి మళ్ళీ అక్కడిదాకా తెచ్చిస్తాను. రెండు రోజులు చాలు నాకు."

"చాలు, నీ చేతికదెంత? అక్కడికి పోతే ఆవిడ 'ఎవరమ్మా నువ్వు' అంటుంది. మొదటిరోజు అలాగే అంది."

"సాయం చేద్దామనే, అత్తయ్యా..." అని మొదలుపెట్టి కోడలు ఆగిపోయింది. ఆ మాట తన చెవికే అతకలేదు. "కాదు. ఆ టిక్కుటిక్కు వినలేక చేశాను. నాకొచ్చని చూపించుకోవాలని చేశాను. మీ చేయి ఇక అంతేనని ఆయనకీ చెప్పాను."

"అది విన్నాను. దెబ్బ తగిలింది చేతికి, చెవులకి కాదు."

"ఫ్యాక్టరీలో... మీ చేతిని చేసి చూపించి నవ్వించాను."

ఇది పెద్దావిడకి తెలియదు. తువ్వాలు కొసనుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి.

"ఎలా చేశావు?"

"వద్దత్తయ్యా."

"వాళ్ళందరికీ చూపించావుగా. నాకూ చూపించు."

కోడలు చొక్కా వదిలేసి ఎడమచేయి ఎత్తింది. వేళ్ళు ముడిచి, గాలిలో లేని బటన్ కోసం తడుముతున్నట్టు ఆడించింది. భోజనాల దగ్గర అంత బాగా కుదిరినది ఇక్కడ కుదరలేదు.

అత్తగారు కొత్త వంటమనిషి పని చూసినట్టు చూసింది. ముందుకి వంగి, బాగైన తన చేత్తో కోడలి చిటికెనవేలు పట్టుకుని ఇంకాస్త లోపలికి మడిచింది.

"ఇలా ఉండేది. నవ్వారా?"

"నవ్వారు."

"నువ్వో?"

"నేనూ నవ్వాను."

అత్తగారు తలూపింది. "రేపు వెళ్ళి బాగైందని వాళ్ళకి చెప్పకు. అది నీ బరువు దించుకోడానికి చెప్తావు. నాకిప్పుడు కోపంగా ఉంది. కొన్నాళ్ళు ఉండనీ."

చేయి దించమని ఆవిడ అనలేదు. కోడలూ దించలేదు.