కన్యాకుమారి, వయా కృపాజ్యోతి గారిల్లు

మా ఆయన ఉదయభాస్కర్ నాకు విశ్రాంతి ఇవ్వాలని నిర్ణయించుకున్న రోజున మా ఇంట్లో భోజనాలు గంటన్నర ఆలస్యమయ్యాయి. ఆ విశ్రాంతి ఎలా ఉండబోతోందో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి లాప్‌టాప్‌లో చూపించారు. ఆ గంటన్నరా పొయ్యి మీద పప్పు తనంతట తాను ఉడుకుతుందని ఆయన నమ్మకం.

"మోటర్ హోమ్, సుధా. చక్రాల మీద ఇల్లు," అన్నారు.

ఫోటోలో పొడవాటి తెల్ల వ్యాను. లోపల నాలుగు పడకలు, ఒక బాత్రూము, మడత బల్ల. వాటన్నిటికంటే ముందు కనిపించేలా రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్జు, మిక్సీ పెట్టుకోవడానికి ప్లగ్గు.

ఈ వేసవికి నేను అడిగింది ఒక్కటే. తొమ్మిది రోజులు వంట చేయకుండా ఉండాలి. ఊరు ఏదైనా నాకు అభ్యంతరం లేదని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, మూడు నెలలు పరిశోధించి, వంటగదికి చక్రాలు తగిలించుకొచ్చారు.

నందిగామలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆయన సూపరింటెండెంటు. ఆయనకు దొరికిన సెలవు తొమ్మిది రోజులు, ఒక గురువారం నుంచి ఆ మరుసటి శుక్రవారం దాకా. ఆ పైన ఒక్క రోజు కూడా కుదరదు. మా అమ్మాయి అమూల్యకు విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులు మొదలైపోతాయి. ఈ తొమ్మిది రోజుల్లో మున్నార్, కొడైకెనాల్, రామేశ్వరం, కన్యాకుమారి చూసి తిరిగి నందిగామ చేరాలి. అందుకోసం ఆయన వేసిన షీటులో ప్రతి అరగంటకూ ఒక గడి, ప్రతి గడికీ ఒక రంగు. మున్నార్‌కు రెండు గంటల నలభై నిమిషాలు మంజూరయ్యాయి. కన్యాకుమారిలో సూర్యోదయానికి ముప్పై ఐదు నిమిషాలు. ఆ రోజు మబ్బు పడితే సూర్యుడికి మెమో ఇస్తారేమో, నేను అడగలేదు.

"ఈ ఆకుపచ్చ గడులేమిటి?" అన్నాను.

"టిఫిను, భోజనం, రాత్రి భోజనం. అన్నీ వ్యాన్లోనే. కిటుకంతా అక్కడే ఉంది. హోటల్ దగ్గర ఆగామనుకో, పార్కింగు, ఆర్డరు, చేతులు కడుక్కోవడం, అమ్మకి ఉల్లిపాయ వెయ్యద్దని ముగ్గురికి చెప్పడం, అంతా కలిపి గంటంబావు. రోజుకి మూడు పూటలు, తొమ్మిది రోజులు. ముప్పై నాలుగు గంటలు మిగిలినట్టే. ఆ మిగిలిన టైములోంచే రామేశ్వరం తీశా."

"వండేదెవరు?"

"వ్యాను నడుస్తూనే ఉంటుంది సుధా. టైము వేస్టే అవదు."

అడిగిన ప్రశ్నను వదిలేసి అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు ఉద్యోగంలో అబ్బింది. నేను షీటు మళ్ళీ చూశాను. డీజిలు పక్కన ఆయన పేరుంది. ఫోటోల పక్కన అమూల్య పేరుంది. స్టీరింగు పక్కన ఇంకా ముఖం కూడా చూడని డ్రైవరు పేరుంది. ఇరవై ఏడు ఆకుపచ్చ గడుల పక్కన ఎవరి పేరూ లేదు. గాలికీ వెలుతురుకీ ఎదురుగా పేర్లు రాయరు కదా.

జగ్గయ్యపేటలో మా బావగారు పార్థసారథి ఇంట్లో ఉండే మా అత్తగారు కమలాంబ ప్రయాణానికి మూడు రోజుల ముందు బస్సులో దిగారు. చేతిలో పెట్టె, చంకలో పంచాంగం. నాలుగో పడక ఆవిడదే. కాళ్ళు కడుక్కోకముందే అడిగారు.

"ఏ రోజు బయల్దేరుతున్నాంరా భాస్కరం?"

"గురువారం పొద్దున ఐదింటికమ్మా."

"ఎటు?"

"దక్షిణం."

"గురువారం దక్షిణానికి శూల. నిన్ను ఇంతదాకా చదివించి ఏం లాభం?"

"శుక్రవారమైతే ఒక రోజు పోతుందమ్మా. షీటంతా కూలిపోద్ది."

"నీ షీటుని కూలమని ఎవరన్నారు? బుధవారం ప్రస్థానం పెడదాం."

మంచిది కాని రోజున బయల్దేరక తప్పనప్పుడు మావాళ్ళు చేసే ఏర్పాటు ఇది. అంతకు ముందే ఒక మంచి ఘడియలో, ప్రయాణానికి తీసుకెళ్ళే సంచి ఒకటి, వెళ్ళబోయే దిక్కున ఉన్న ఎవరింట్లోనో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. ఆ తర్వాత ఆ సంచిని తిరిగి ఇంటికి తేకూడదు, దారిలో తీసుకుని పోవాలి. ఒక్క షరతు, దాన్ని మరిచిపోకూడదు. శ్రీశైలం వెళ్ళినప్పుడు మా ప్రస్థానం సంచి పెట్టినవాళ్ళు, ఇంటికి తాళం వేసుకుని మైలవరంలో పెళ్ళికి వెళ్ళిపోయారు. సంచిలో అందరి పట్టుబట్టలూ ఉన్నాయి.

ఆ సంగతి అత్తగారు మరిచిపోలేదు. "ఈసారి సంచి వద్దు. మనిషే వెళ్ళడం ఇంకా శ్రేష్ఠం. మనిషిని మరిచిపోయి వెళ్ళలేం కదా," అన్నారు.

ఎవరు వెళ్ళాలన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. బుధవారం ఆయనకు ఆఫీసుంది. అమూల్యకు సర్దుకోవడం ఉంది. అత్తగారికి మోకాళ్ళున్నాయి. ముగ్గురూ నా వైపు చూశారు. నేను లేకపోతే ఇంట్లో ఏమవుతుందన్నది వాళ్ళెవరికీ తోచలేదు. నాకు తోచింది. వెళ్ళి చేతిసంచి సర్దుకున్నాను.

దక్షిణాన మూడిళ్ళ అవతల ఉన్నది కృపాజ్యోతి. ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరు, నాకు పదేళ్ళుగా స్నేహితురాలు.

"వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళమ్మా," అని మా ఆయన గుర్తుచేశారు.

"ఆదివారం వాళ్ళెటు వెళ్తే నాకెందుకురా? ఇల్లు దక్షిణాన ఉందా లేదా?" అన్నారు అత్తగారు.

బుధవారం ఉదయం పది ఇరవైకి కుడికాలు ముందు పెట్టి, వెనక్కి చూడకుండా, చేతిసంచితో మూడిళ్ళు నడిచాను. కృపాజ్యోతి గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"ఎక్కడికక్కా, సంచితో?"

"కన్యాకుమారి."

"మా ఇంటి మీదుగానా? దగ్గర దారే కనుక్కున్నావు. రా, కూర్చో."

విషయం చెప్పాను. తను పైపు కింద పడేసి నవ్వింది. మధ్యాహ్నం వంటింట్లో చప్పుడు వినగానే అలవాటుకొద్దీ లేచి వెళ్ళాను. తను గరిటె అడ్డం పెట్టింది.

"నీకేం పని ఇక్కడ? నువ్వు ప్రయాణంలో ఉన్నావు. బస్సులో వెళ్తూ డ్రైవర్‌కి సాయం చేస్తావా? ఇంట్లో నీసు లేదులే, కొత్త గిన్నెలోనే వండా."

కంచం నా ముందుకు వచ్చింది. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. పప్పులో ఇంగువ లేదు, వేపుడు కొంచెం మెత్తబడింది. ఇవన్నీ గమనించాను, గమనించకుండా ఉండలేను. అయినా మారు వడ్డించుకున్నాను. తిన్న తర్వాత ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను. సాయంత్రానికి ఏం చేయాలన్న ఆలోచన వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. నిద్ర వచ్చింది.

నిద్ర లేచేసరికి ఫోన్లో అమూల్యవి పదకొండు కాల్స్.

"అమ్మా, కందిపప్పు డబ్బా ఏది?"

"మీద కందిపప్పు అని రాసి ఉన్నది."

"కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుందామంటే మామ్మ బయటి కూర ముట్టనంటోంది. నాన్న ఆఫీస్ నుంచి వచ్చేశారు. కుక్కర్‌లో నీళ్ళు ఎన్ని పొయ్యాలంటున్నారు?"

"ఆయనకు షీటు ఉంటుందిగా. అడుగు."

సాయంత్రం ఆయనే కృపాజ్యోతి గేటు దగ్గరికి వచ్చారు. చొక్కా మీద పసుపు మరక. అత్తగారు మా ఇంటి అరుగు మీద నిలబడి చూస్తున్నారు.

"సుధా, ఒక్క అరగంట వచ్చి పోపు పెట్టి వెళ్ళిపో. ఎవరు చూస్తారు?"

నేను జవాబు చెప్పకముందే మూడిళ్ళ అవతలి నుంచి వినిపించింది. "ఒరే, అది వెనక్కి అడుగేసిందంటే ప్రయాణం చెడిపోద్ది. పోపు నువ్వే పెట్టుకో."

గురువారం పొద్దున ఐదింటికి వ్యాను రాలేదు. హైదరాబాదు నుంచి వస్తూ కోదాడ దగ్గర ఏసీ చెడిపోయి షెడ్డులో ఉందట. "ఈ ఎండల్లో ఏసీ లేకుండా వద్దు సార్, మధ్యాహ్నానికి అయిపోద్ది," అన్నాడట డ్రైవరు. కోదాడ మాకు గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి ఏదో సామాను హైదరాబాదు నుంచి రావాలి. గురువారం మధ్యాహ్నం శుక్రవారం ఉదయమైంది, శుక్రవారం ఉదయం శనివారమైంది. షీటులోంచి మొదట రామేశ్వరం పోయింది. తర్వాత మున్నార్. శుక్రవారం సాయంత్రం ఆయన గేటు దగ్గర నిలబడి, దగ్గరి బంధువు పోయిన సంగతి చెబుతున్నట్టు, "కన్యాకుమారి కూడా తీసేశా," అన్నారు.

నేను మాత్రం ప్రయాణంలోనే ఉన్నాను. ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు, ముందుకు వెళ్ళడానికి బండి లేదు. వరండాలో కుర్చీ, చేతిలో కృపాజ్యోతి బీరువాలోంచి తీసిన పుస్తకం. మూడో రోజున మామిడికాయ తరగడానికి సాయం చేస్తానంటే, జాలిపడి నాలుగు కాయలు ఇచ్చింది. ఇష్టంగా తరిగాను. అడిగి చేసే పని వేరేగా ఉంటుందని అప్పుడే తెలిసింది. చేపల కూర లేక మూడు రోజులైన కృపాజ్యోతి భర్త దేవరాజ్ ఒక్కరే కొంచెం నీరసించారు. "ప్రయాణం మీదీ, పథ్యం నాదీనండి," అన్నారు మజ్జిగ కలుపుకుంటూ. కృపాజ్యోతి ఆయన కంచంలో ఇంకో గరిటె బీరకాయ వేసింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి వ్యాను వచ్చి కృపాజ్యోతి ఇంటి ముందే ఆగింది. నన్ను ఎక్కించుకోవలసింది అక్కడే మరి. వీధి వీధంతా వచ్చి చూసింది. ఒకరు టైర్లు నొక్కారు, ఒకరు బాత్రూము తలుపు తీసి మూసి తీసి చూశారు. మా ఆయన ముఖంలో మూడు రోజుల తర్వాత వెలుగు వచ్చింది. ఆయన వేళ్ళకు రెండు చోట్ల బ్యాండేజీ ఉంది.

"రేపు పొద్దునే బయల్దేరదాం. ఆరు రోజులే ఉన్నాయి. కొడైకెనాల్ ఒక్కటే. అయినా టైటే," అని నా చెయ్యి పట్టుకుని మెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇటు చూడు. బియ్యం, పప్పులు, పోపుడబ్బా, అన్నీ నీ చేతికందేలా సర్దా. ఇక దారిలో ఎక్కడా ఆగే పని లేదు. నేను కూడా మూడు రోజులు వండి వండి అలిసిపోయా సుధా. ఇక నీదే భారం."

నాకు ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద ఉంది. లోపల పొయ్యి తళతళలాడుతోంది. రానని చెబితే ఆరు రోజులూ ఇంటి వంటిల్లు. వస్తానంటే వ్యాను వంటిల్లు. మూడు రోజుల విశ్రాంతితోనే తొమ్మిది రోజుల లెక్క సరిపెట్టేశారని అర్థమైంది. వీధంతా చూస్తోంది.

అప్పటికే వ్యాను లోపల కింది పడక ఎక్కి కూర్చుని ఉన్న అత్తగారు పంచాంగం తిరగేస్తూ అన్నారు.

"సుధ ఎలా వండుతుందిరా? ప్రస్థానం వెళ్ళిన మనిషి గమ్యం చేరేదాకా పొయ్యి ముట్టుకోకూడదు."

మా ఆయన ఆవిడ వైపు తిరిగారు. "అలాంటిది ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వెప్పుడడిగావు?"

"అందులో ఉందా?"

"అన్నీ ఇందులో రాస్తారా? పెద్దవాళ్ళు చెబితే తెలుసుకోవాలి."

"సరే. ఎల్లుండికల్లా కొడైకెనాల్ చేరతాం. అక్కణ్ణుంచి చేస్తుందిలే."

"కొడైకెనాల్ గమ్యం ఎలా అవుద్ది? తిరిగి ఇల్లు చేరడమే గమ్యం. అక్కడే ఉండిపోతావా ఏంటి?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇటువంటి నియమం నేను వినలేదు. అత్తగారి వైపు చూశాను. ఆవిడ పేజీ తిప్పారు. పంచాంగం తలకిందులుగా ఉంది. అమూల్య అది చూసి ఏదో అనబోయింది. దాని కాలు తొక్కాను.

"మరి వండేదెవరు?" అన్నారు మా ఆయన. ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు.

వీధిలోనివాళ్ళతో సహా అందరూ ఆయన్నే చూస్తున్నారు.

ఆదివారం ఉదయం బయల్దేరాం. పరిటాల దాటేసరికి ఎండ ఎక్కింది. అమూల్య ఉల్లిపాయ లేని ఉప్మాకు పచ్చిమిరపకాయలు కోస్తోంది. ఆయన ఒక చేత్తో కుక్కర్నీ ఒక చేత్తో గోడనీ పట్టుకుని, బ్రేకు పడినప్పుడల్లా డ్రైవరును చూస్తున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను.

అత్తగారు నా పక్కకు వచ్చి కూర్చున్నారు.

"ఆ నియమం ఎవరు చెప్పారత్తయ్యా?" అని మెల్లగా అడిగాను.

"పూరీ వెళ్ళాంలే, మీ మామగారు ఉన్నప్పుడు. పదకొండు మందిమి. కిరసనాయిలు స్టవ్వు నా సంచిలోనే. నాలుగు రోజులు సత్రం వసారాలో వండా. సముద్రం సత్రం వెనకే అన్నారు. చప్పుడైతే వినపడేది."

"చూడలేదా?"

"పప్పు ఉడకొద్దూ?"

ఆవిడ మామూలుగానే చెప్పారు, కందిపప్పు ధర చెప్పినట్టు. నేను లేచి ఆవిణ్ణి కిటికీ వైపు కూర్చోమన్నాను. వద్దనలేదు. చీర సర్దుకుని, అద్దానికి ముఖం ఆనించి, కృష్ణానది వచ్చేదాకా చూస్తూ ఉండిపోయారు.

వెనక కుక్కరు మూడో కూత పెట్టింది. ఇద్దరం లేవలేదు.