పెళ్లికూతురూ, పాత పికప్పూ

దెలీసియాస్ ఊళ్లో ఎలెయుతేరియో, కూతురు ఓర్తెన్సియా ఒకే షెడ్డులో బండ్లు బాగుచేసేవారు. వాళ్ల సొంత పికప్పు మాత్రం చల్లగా ఉంటే ఒక్క సెల్ఫుకే లేచేది, వేడి మీద ఆపితే అరగంట మొండికేసేది. పెట్రోలు పంపు పోయిందని తండ్రి, పెట్రోలు ఒత్తిడిని అదుపుచేసే ప్రెషర్ రెగ్యులేటర్‌లో పొర చిరిగిందని కూతురు నెలల తరబడి పోట్లాడుకున్నారు. పంతం కొద్దీ ఎవరూ విప్పి చూడలేదు.

ఓర్తెన్సియా పెళ్లిరోజున ఆమెను ఆ పికప్పులోనే ఎక్కించుకుని చర్చికి వెళుతూ, బీర్లలోకి ఐసు కొందామని ఎలెయుతేరియో దారిలో ఆగాడు. అలవాటుగా ఇంజను కట్టేశాడు. ఇంకేముంది, మళ్లీ లేవలేదు.

“పెళ్లి ఈ ఐసు కొట్టు ముందే చేసుకోమంటావా నాన్నా?”

“పంపేనే తల్లీ! నే చెప్తే విన్నావా?”

ఓర్తెన్సియా మేలిముసుగు వెనక్కి విసిరి, బానెట్ ఎత్తి, రెగ్యులేటర్ మీది సన్నగొట్టం పీకింది.

“ఇందులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. వాసన చూడు!”

అతను ముక్కు ఆనించాడు. మీసం తడిసింది.

“పెట్రోలే,” అని గొణిగాడు.

“ఇదంతా ఇంజన్లోకి పోయి ముంచేస్తోంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపట్టి సెల్ఫు కొట్టు.”

గొట్టం తిరిగి తగిలించిందామె. పికప్పు దగ్గి, నల్లపొగ కక్కి లేచింది.

చర్చిలో కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఎలెయుతేరియో ప్రతి బల్ల దగ్గరా ఆగి గర్వంగా చెప్పాడు: “రెగ్యులేటరండీ! మా అమ్మాయే పట్టేసింది!”

పెళ్లికొడుకు ఫిదెన్సియో పాపం పీఠం దగ్గర ఎదురుచూస్తూ అలా నిలబడే ఉన్నాడు.